ఒక్క కణంలో జరిగిన తారుమారు

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉందని తేలిన రోజు డాక్టరు "ఇది జన్యువుల్లో వచ్చిన మార్పు" అంటారు. అది వినగానే ఇంట్లోవాళ్ల టెన్షన్ ఒక్కటే: పిల్లలకూ వస్తుందా? రాదు. అమ్మానాన్నల నుంచి వచ్చిందీ కాదు. జన్యు మార్పు అంటే వంశపారంపర్యం అనుకునే అలవాటు మనకు బాగా పాతుకుపోయింది.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే పరిశోధకుడు ఒకసారి లుకేమియా కణాల స్లయిడ్లను మామూలు కుళాయి నీళ్లతో కడిగారు. ఉప్పులేని ఆ నీళ్లకు కణాలు ఉబ్బి, ముద్దగా ఉండే క్రోమోజోములు (జన్యువులను మోసే పోగులు) విడివిడిగా పరుచుకున్నాయి. వాటిని చదవడానికి డేవిడ్ హంగర్‌ఫర్డ్ తోడయ్యారు. రోగుల రక్తకణాల్లో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉందని 1960లో ఇద్దరూ ప్రకటించారు. దానికి ఊరిపేరే పెట్టారు: ఫిలడెల్ఫియా క్రోమోజోము.

అది జబ్బుకు కారణమా, ఫలితమా అన్న అనుమానం మాత్రం చాలాకాలం నడిచింది. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే ప్రయోగం 1967 నాటిది. జీ6పీడీ అనే ఎంజైమ్ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. స్త్రీలకు ఎక్స్‌లు రెండున్నా ఒక్కో కణంలో ఒక్కటే పనిచేస్తుంది. కొందరిలో ఆ ఎంజైమ్ రెండు రకాలుగా ఉంటుంది. ఈ జబ్బున్న అలాంటి స్త్రీలను ఫిలిప్ ఫియాల్కోవ్ బృందం పరీక్షిస్తే, చర్మంలో రెండు రకాలూ కనిపించాయి, రక్తకణాల్లో ఒకటే. ఎర్రకణాల్లోనూ, తెల్లకణాల్లోనూ అంతే. అంటే అవన్నీ ఎముక మజ్జలోని ఒకే ఒక్క మూలకణం సంతానమన్నమాట!

ఆ కణంలో జరిగిందేమిటో 1973లో షికాగో డాక్టర్ జానెట్ రౌలీ పట్టుకున్నారు. ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి జతలు పేరుస్తుంటే, ఆ పొట్టి క్రోమోజోములో, అంటే 22వ దాంట్లో, పోయిన ముక్క 9వ దానికి అతుక్కుని కనిపించింది. ముక్కలు స్థానాలు మారాయి. ఆ మార్పిడిలో 9 మీది ఏబీఎల్ జన్యువు 22 మీది బీసీఆర్ జన్యువుతో కలిసిపోయిందని 1980లలో తేలింది. ఆ జంట జన్యువు తయారుచేసే ఎంజైమ్‌కు ఆగడం తెలియదు. కణాన్ని పెరగమని పురమాయిస్తూనే ఉంటుంది.

ఆ ఎంజైమ్‌ను ఆపే ఇమాటినిబ్ అనే మందును బ్రయాన్ డ్రూకర్ 1998లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. 2001 మేలో అమెరికా అనుమతి వచ్చింది. మన దేశంలో కథ ధర దగ్గర చిక్కుకుంది. దాన్ని అమ్మే నోవార్టిస్ కంపెనీ మందుకు నెలకు లక్ష రూపాయలు దాటితే, జనరిక్ పదివేల లోపే దొరికేది. పేటెంట్‌ను వ్యతిరేకించినవాళ్లలో హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా ఉంది. 2013 ఏప్రిల్ 1న పేటెంట్ కోసం నోవార్టిస్ చేసిన అప్పీలును సుప్రీంకోర్టు కొట్టేసింది.

మందు వాడుతున్నవాళ్లకు కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష ఉంటుంది. రిపోర్టులో బీసీఆర్-ఏబీఎల్ ఎదురుగా అది ఎంత శాతమో వేస్తారు. ఆ ఒక్క కణం సంతానం ఇంకా ఎంత మిగిలిందో ఆ అంకెను బట్టే చూస్తారు.