నుమాయిష్: 2019 జనవరి 30 రాత్రి మార్చిన లెక్క

2025 జనవరిలో, హైదరాబాద్ నాంపల్లిలో ఏటా నెలన్నర పాటు సాగే ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో ఒక రైడ్ గాల్లో తలకిందులుగా ఆగిపోయింది. ఎక్కినవాళ్లు ఇరవై నిమిషాలకు పైగా అలాగే వేలాడారు. క్షేమంగానే దిగారు కానీ, వీడియోలు ఊరంతా తిరిగాయి. పాత వాదన మళ్లీ లేచింది. ఎగ్జిబిషన్ నగరం నడిబొడ్డునే ఉండాలా, ఊరి బయటికి పోవాలా?

1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ ఎలా మొదలైందో, ఉస్మానియా పట్టభద్రుల పాత్ర ఏమిటో ప్రతి జనవరిలో పేపర్లు రాస్తూనే ఉంటాయి. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2019 జనవరి 30 దగ్గర ఆగాలి.

ఆ బుధవారం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో ఒక బ్యాంకు స్టాల్ దగ్గర మంట లేచింది. నుమాయిష్ స్టాల్ ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. కర్రలు, రేకులు, పైన గుడ్డ, పక్క స్టాల్‌కు మధ్య పల్చటి అడ్డు. లోపల శాలువాలు, చికన్ ఎంబ్రాయిడరీ కుర్తాలు, దుప్పట్లు. నిప్పుకు అంతకంటే ఏం కావాలి? చూస్తుండగానే వరసలకు వరసలు అంటుకున్నాయి, వందల స్టాళ్లు బూడిదయ్యాయి. పిల్లల్ని చంకనేసుకుని జనం గేట్ల వైపు పరుగులు తీశారు. అంత రద్దీలోనూ ప్రాణం పోలేదు.

నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ తన వైపు మాట చెప్పుకునేటప్పుడు ముందుగా చెప్పేది ఈ చివరి సంగతే. కాదనలేం. కానీ వ్యాపారుల మాట కూడా వినాలి. కశ్మీర్ నుంచీ, ఉత్తరప్రదేశ్ నుంచీ వచ్చినవాళ్లలో చాలామందికి ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఈ నెలన్నరలోనే వస్తుంది. సరుకు అప్పు మీద తెస్తారు, అమ్మాక తీరుస్తారు. ఆ రాత్రి కాలింది అప్పు తీరని సరుకే. చాలామందికి బీమా లేదు. ఫైరింజన్లు ఆలస్యంగా వచ్చాయని, నీళ్లు చాలలేదని వాళ్లు తెల్లారాక అక్కడే నిలబడి నిలదీశారు. కొద్ది రోజులకే గేట్లు మళ్లీ తెరుచుకున్నాయి. బూడిద ఊడ్చినంత తేలిగ్గా అప్పులు తీరవు కదా.

తర్వాత విషయం హైకోర్టుకెక్కింది. లక్షలాది మంది వచ్చే చోట అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా ఎలా నడిపారన్నది ప్రజాప్రయోజన వ్యాజ్యంలో (పిల్) అడిగిన ప్రశ్న. ఆ ఒత్తిడి మీదే భూమిలో పైపులు, హైడ్రెంట్లు, నీటి సంపులు వచ్చాయి. దారులు కాస్త వెడల్పయ్యాయి. ఇవాళ గేటు లోపల కనిపించే ఎర్ర పైపులు ఆ మంట తర్వాతివే.

మరి స్టాళ్లు ఎందుకు తగ్గించరు? దీనికి జవాబు 1946లో ఉంది. పబ్లిక్ గార్డెన్స్ చాలక ఆ ఏడాది నాంపల్లికి మారారు. ఇప్పుడున్నది పాతిక ఎకరాల లోపే అంటారు, అందులో రెండు వేలకు పైగా స్టాళ్లు. వచ్చే అద్దెలతో సొసైటీ సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ లాంటి సంస్థల్ని నడుపుతోంది. ఎంతోమంది ఆడపిల్లలు వాటిలో చదువుకున్నారు. అది నిజంగా గొప్ప పనే. అందుకే స్టాల్ తగ్గించమంటే కాలేజీ ఆదాయం తగ్గించమన్నట్టు వినబడుతుంది, చర్చ అక్కడే ఆగిపోతుంది.

ఊరి బయటికి పంపమనేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. నాంపల్లి స్టేషన్ పక్కనే, మెట్రో గుమ్మంలోనే ఉంది కాబట్టే పాతబస్తీ కుటుంబాలూ, జిల్లాల నుంచి రైలు దిగినవాళ్లూ సాయంత్రం వచ్చి రాత్రికి ఇల్లు చేరగలుగుతున్నారు. దూరం పంపితే కార్లున్నవాళ్లకే మిగులుతుంది.

నిప్పు విషయంలో ఒక కోర్టు కేసు పడ్డాక పద్ధతి మారింది. రైడ్ల విషయంలో అలాంటి ఒత్తిడి ఇంకా రాలేదు. జెయింట్ వీల్, కొలంబస్, గాల్లో తిప్పే కొత్త యంత్రాలు, అన్నీ నెలన్నర కోసం బిగించి మళ్లీ విప్పేసేవే. ఏ రైడ్‌ను ఏ ఇంజనీర్ ఏ రోజు తనిఖీ చేశారో, ఎంతమంది బరువుకు సరిపోతుందో, మధ్యలో ఆగితే ఎలా దించుతారో టికెట్ కౌంటర్ దగ్గరే తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. వచ్చే సీజన్ అనుమతి ఇచ్చే ముందే అధికారులు ఆ షరతు పెట్టాలి.