సముద్రపు బ్యాక్టీరియాని ఎలా గుర్తుపడతారు? పిల్లలకు అమ్మమ్మ ఉత్తరం

హైదరాబాద్

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి అడిగారు కదా, సముద్రంలో బ్యాక్టీరియా ఉంటాయా, ఎన్ని రకాలు, వాటికి పేర్లు ఎవరు పెడతారు, ఎలా పెడతారు అని. అది ఫోన్‌లో తేలే విషయం కాదు, అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, అర్థం కాని చోట ఆగి నన్నే అడగండి. అన్నేళ్ళు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పినదాన్ని, ఇట్లాంటి ప్రశ్న అడిగేవాళ్ళు దొరికితే ఊరికే వదలను.

ముందు లెక్క చెప్తా. సముద్రం పైపొరల్లో ఒక్క మిల్లీలీటరు నీళ్ళు, అంటే చిన్న టీస్పూన్‌లో ఐదో వంతు, తీసుకుంటే అందులో 5 లక్షల నుంచి 10 లక్షల దాకా బ్యాక్టీరియా ఉంటాయి. నీళ్ళేమో తేటగా కనిపిస్తాయి! భయపడకండి, వాటిలో చాలా చాలా భాగం మనుషుల జోలికే రావు, వాటి బతుకు వాటిది.

మరి ఇన్నిట్లో ఏది ఏదో ఎలా చెప్పాలి? మైక్రోస్కోప్ పెట్టి చూస్తే తెలిసిపోదా అంటాడు చిన్నోడు. తెలీదు నాన్నా. కనిపించేవి సన్న కడ్డీలు, వంకర కడ్డీలు, కొన్ని గుండ్రటివి, కొన్ని మెలికలు తిరిగినవి, అంతే. ఒకే యూనిఫాం వేసుకున్న స్కూలు పిల్లల్ని మూడో అంతస్తు నుంచి చూసి వీళ్ళలో లెక్కలు ఎవరికొచ్చు, పాటలు ఎవరికొచ్చు అని చెప్పమన్నట్టు ఉంటుంది. అందుకని సైంటిస్టులు రూపం ఒక్కటి చూసి ఊరుకోరు, దాన్ని ప్రశ్నలు అడుగుతారు. ఏం తింటావు, ఏం ముట్టవు, గాలి లేకపోతే ఏం చేస్తావు, ఉప్పు లేకపోతే బతుకుతావా, ఎంత వేడి తట్టుకుంటావు. వచ్చిన జవాబులన్నీ పక్కపక్కన పెడితే అప్పుడు దాని గుణం బయటపడుతుంది. గుణం చూసి గుంపు కట్టడం, అదీ దీని అసలు పద్ధతి.

మొదటి ప్రశ్న రంగుది. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు కనిపెట్టిన పద్ధతి, ఇప్పటికీ ప్రతి ల్యాబ్‌లో ఇదే మొదలు. స్లైడ్ మీద ఊదా రంగు వేసి కడిగితే కొన్ని ఆ రంగు పట్టుకునే ఉంటాయి, అవి గ్రామ్ పాజిటివ్. కొన్ని వదిలేసి తర్వాత వేసిన గులాబీ రంగు తీసుకుంటాయి, అవి గ్రామ్ నెగటివ్. సముద్రపు నీళ్ళలో తేలుతూ ఉండేవాటిలో ఎక్కువ భాగం గ్రామ్ నెగటివే, కాబట్టి ఇక్కడితో పని సగం కూడా అవ్వదు. తర్వాత తోక చూస్తారు, ఫ్లాజెల్లం అంటారు దాన్ని, ఈదడానికి వాడుకుంటాయి. కొన్నిటికి ఒక చివర ఒక్కటే ఉంటుంది, కొన్నిటికి ఒంటి చుట్టూ ఉంటాయి, కొన్నిటికి అసలు ఉండదు.

ఉప్పు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేలమీది బ్యాక్టీరియాకి, సముద్రపు బ్యాక్టీరియాకి తేడా ఇక్కడే దొరుకుతుంది. సముద్రంలో లీటరు నీళ్ళకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మట్టిలో పెరిగే బ్యాక్టీరియా కొన్ని ఆ ఉప్పుని ఓర్చుకుంటాయి, అది వేరు. అసలైన సముద్రపు బ్యాక్టీరియాకి ఉప్పు కావాలి, అందులో సోడియం లేకపోతే పెరగలేవు. విబ్రియో అని ఒక జాతి ఉంది, కొంచెం వంకరగా ఉండే కడ్డీలు, చివర తోక, దాని తోక తిరిగేది సోడియంతోనే. బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ, అది లోపలికి తోసుకొచ్చేటప్పుడు వచ్చే శక్తితో తోక గిర్రున తిరుగుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి, చుట్టూ ఉన్న ఉప్పే దానికి కరెంటు!

ఆ విబ్రియోలలోనే కలరా తెచ్చేది ఒకటి ఉంది, విబ్రియో కలరే. దానికి ఉప్పు చాలా కొద్దిగా ఉన్నా సరిపోతుంది, అందుకే సముద్రంలోనూ, నదులు సముద్రంలో కలిసే చోట కూడా, మంచినీళ్ళలో కూడా బతకగలదు. మిగతా విబ్రియోలు చాలావరకు ఉప్పు కలపని మీడియంలో, అంటే ల్యాబ్‌లో వాటికి పెట్టే తిండిలో, పెరగవు. ల్యాబ్‌లో ఇది ఒక టెస్టే, ఉప్పు వేయని ట్యూబ్ ఒకటి, వేసిన ట్యూబ్ ఒకటి పక్కపక్కన పెట్టి మర్నాడు ఏది మసకబారిందో చూస్తారు, మసకబారితే అందులో పెరిగినట్టే.

ఇంకో పెద్ద ప్రశ్న, గాలి లేకుండా చక్కెరని పులియబెట్టగలదా? విబ్రియో, ఫోటోబ్యాక్టీరియం లాంటివి పులియబెడతాయి. ఆల్టెరోమోనాస్, సూడోమోనాస్ లాంటివి పులియబెట్టలేవు. ల్యాబ్‌లో విబ్రియోల కోసం టీసీబీఎస్ అనే ఆకుపచ్చ అగర్ వాడతారు, అగర్ అంటే ప్లేట్‌లో గడ్డకట్టించిన జెల్లీ లాంటి తిండి. దాంట్లో సుక్రోజ్ ఉంటుంది, అంటే మన వంటింటి పంచదారే. దాన్ని పులియబెట్టినవి పసుపు చుక్కలుగా వస్తాయి, కలరేది పసుపే. పులియబెట్టలేనివి ఆకుపచ్చగానే ఉంటాయి, సరిగ్గా ఉడకని సముద్రపు చేపలు రొయ్యలు తిన్నవాళ్ళకి విరేచనాలు పట్టించే విబ్రియో పారాహీమోలిటికస్ అట్లా ఆకుపచ్చగా వస్తుంది. పొద్దున్నే ఇంక్యుబేటర్, అదే ప్లేట్లని వెచ్చగా ఉంచే పెట్టె, తలుపు తీసి ఒకే ప్లేట్‌లో ఆ రెండు రంగులు చూస్తే ఎంత సంతోషంగా ఉంటుందో, మీరూ ఎప్పుడైనా చూడాలి.

ఇట్లా ప్రశ్నలు అడిగీ అడిగీ 1972లో హవాయిలో బౌమన్ అనే సైంటిస్టు దంపతులు, వాళ్ళతోటి వాళ్ళు కలిసి 218 సముద్రపు బ్యాక్టీరియా రకాల్ని పట్టుకుని, ఒక్కోదానికి రకరకాల తిండి పెట్టి ఏది తింటుందో ఏది తినదో రాసుకున్నారు. దాంతోపాటు డీఎన్ఏ కూడా చూశారు. డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అని నాలుగు అక్షరాలు ఉంటాయని పెద్దదానికి తెలుసు కదా, అందులో జీ, సీ కలిపి నూటికి ఎన్ని ఉన్నాయో లెక్కేశారు. చూడ్డానికి సూడోమోనాస్ లాగే ఉండే కొన్నిటిలో ఆ లెక్క 43 నుంచి 48 మధ్యలోనే వచ్చింది, అసలు సూడోమోనాస్‌లకేమో అది 60కి అటూ ఇటూ ఉంటుంది. అంటే ఇవి వేరే కుటుంబం! అట్లా పుట్టిందే ఆల్టెరోమోనాస్ అనే పేరు. మళ్ళీ 1995లో దాంట్లోంచి కొన్నిటిని తీసి సూడోఆల్టెరోమోనాస్ అన్నారు. కొత్త సంగతి తెలిసినప్పుడల్లా పేరు మారుతుంది, అందుకని పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త పుస్తకంలో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ప్లేట్ మీద పెరిగే వాటి గురించే. అసలు చిక్కు ఏంటంటే సముద్రపు నీళ్ళని మైక్రోస్కోప్‌లో లెక్కపెడితే లక్షలు, అవే నీళ్ళు అగర్ మీద పోస్తే నూటికి ఒకటి కూడా పెరగదు. మిగతావి ఎవరు? చాలాకాలం ఎవరికీ తెలీదు. 1977లో కార్ల్ వూస్ అనే ఆయన, ప్రతి జీవి కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఉంటుంది కదా, దాంట్లోని ఒక ముక్కని పోల్చి చూస్తే ఎవరు ఎవరికి చుట్టమో తెలుస్తుందని చూపించాడు. ఆ దారి దొరికాక పెంచాల్సిన పనే తగ్గింది, నీళ్ళలోంచి నేరుగా డీఎన్ఏ తీసి, అందులో ఆ ముక్కకి సంబంధించిన అక్షరాలు చదవచ్చు. 1990లో స్టీఫెన్ జొవన్నోని బృందం అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రపు నీళ్ళు అట్లా చదివితే ఎవరూ ఎప్పుడూ చూడని ఒక గుంపు బయటపడింది, ఎస్ఏఆర్ 11 అన్నారు. తర్వాత చూస్తే అది ప్రపంచంలోని అన్ని సముద్రాల్లో ఉంది, పైపొరల్లో చాలాచోట్ల నాలుగింట ఒకటి అదే! 2002లో దాన్ని ల్యాబ్‌లో పెంచగలిగారు, పెలాజిబాక్టర్ అని పేరు. దాన్ని పెంచింది ఎట్లా అనుకున్నారు, సముద్రపు నీళ్ళనే వడగట్టి శుభ్రం చేసి అందులోనే. మేం మామూలుగా బ్యాక్టీరియాకి తిండిగా వేసే పెప్టోన్ కొంచెం వేస్తే పెరగడమే మానేసింది. సముద్రంలో తిండి చాలా తక్కువ, అది ఆ ఆకలికే అలవాటు పడిన జీవి. జన్యువులు 1400 లోపే, మన పేగుల్లో ఉండే ఈ కోలైకి 4 వేలకి పైనే ఉంటాయి. ఒకటి రెండు అవ్వడానికి దానికి సుమారు రెండు రోజులు పడుతుంది, అదే విబ్రియో నాట్రీజెన్స్ అయితే మంచి తిండి దొరికితే 10 నిమిషాల లోపే. ఇద్దరూ సముద్రం పిల్లలే, బతికే తీరులు మాత్రం పూర్తిగా వేరు. నాకు ఆ నిదానంగా పెరిగేదే ఎక్కువ ఇష్టం.

ఇంకో మాట, సముద్రం మనకి 300 కిలోమీటర్లకి అటూ ఇటూ దూరం కాబట్టి హైదరాబాద్‌కి దీంతో ఏం పని అనుకోకండి. మన కూకట్‌పల్లి జేఎన్‌టీయూ వాళ్ళు, గచ్చిబౌలి దగ్గరి హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి మన తీరం నుంచే కొత్త బ్యాక్టీరియాని కనిపెట్టి 2007లో పేర్లు పెట్టారు. రోడోవులం విశాఖపట్నమెన్స్, మారిక్రోమాటియం భీమ్లికం, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. మన ఊళ్ళ పేర్లు వినపడుతున్నాయా? ఇవి వెలుతురుతో బతికేవి, కానీ మొక్కల్లాగా ఆక్సిజన్ వదలవు. వీటిలో చివరి రెండూ కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే సల్ఫైడ్ వాడుకుని, గంధకాన్ని చిన్న చిన్న గుళికలుగా ఒంట్లోనే దాచుకుంటాయి.

రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర మీరు ముక్కు మూసుకుంటారు కదా, ఆ నీచు వాసనలో కూడా బ్యాక్టీరియా చెయ్యి ఉంది. వంజరం లాంటి సముద్రపు చేపల ఒంట్లో టీఎంఏఓ అనే పదార్థం ఉంటుంది, రవ్వ, బొచ్చె లాంటి చెరువు చేపల్లో అది బాగా తక్కువ. చేప చచ్చిపోయాక గాలి అందని చోట షెవానెల్లా, ఫోటోబ్యాక్టీరియం లాంటివి ఆక్సిజన్ బదులు ఆ టీఎంఏఓతో శ్వాస నడుపుకుంటాయి, అప్పుడు తయారయ్యే ట్రైమీథైల్ అమీన్‌దే ఆ ఘాటు. ఐస్‌లో పెట్టినా ఇవి మెల్లగా పెరుగుతూనే ఉంటాయి, చలి వీటికి అలవాటే.

వచ్చే వారం భీమిలి వెళ్తున్నారట, మీ అమ్మ చెప్పింది. హాయిగా ఆడుకోండి, కాకపోతే కాలికో చేతికో తెగిన గాయం ఉంటే మాత్రం నీళ్ళలోకి దిగకండి, విబ్రియో వల్నిఫికస్ అనేది గాయంలోంచి లోపలికి పోతుంది, అరుదే కానీ పట్టుకుంటే చాలా ప్రమాదం. రొయ్యలు, చేపలు పూర్తిగా ఉడికాకే తినండి. చిన్నోడికి మోకాలు చెక్కుకుపోయిందన్నారు, అది మానిందో లేదో చూసి నాకు రాయండి.

మీ
అమ్మమ్మ