బైండోవర్ కాగితం వెనక నూటపాతికేళ్లు

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు, ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకున్న మర్నాడు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మావాణ్ని బైండోవర్ చేశారండి." నేరం రుజువు కాలేదు. చాలాసార్లు నేరమే జరగలేదు. ఎస్సై ఒక రిపోర్టు పంపుతాడు, మనిషి ఎమ్మార్వో ఆఫీసులో నిలబడి ఇకపై గొడవ చేయననే పూచీకత్తు (బాండు) మీద సంతకం పెడతాడు. జడ్జి ముఖం ఎక్కడా కనపడదు, ఎందుకంటే ఈ పనికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఎమ్మార్వోనే.

ఈ అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే ఉంది. అందులో 110వ సెక్షన్‌ది ఒక ప్రత్యేకత. పై క్లాజుల్లో "అలవాటుగా" దొంగతనం చేసేవాడు, దొంగసొత్తు దాచేవాడు అని చెప్పుకుంటూ వచ్చి, చివరికి పూచీకత్తు లేకుండా బయట తిరగనిస్తే సమాజానికి ముప్పు అనిపించేంత "తెగించిన, ప్రమాదకరమైన" వ్యక్తి అని ముగించారు. ఎన్నిసార్లు చేస్తే అలవాటు? ఎంత తెగిస్తే ప్రమాదం? చట్టంలో లెక్క లేదు. 1973లో కోడ్ తిరగరాసినా ఆ మాటలు పోలేదు. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో అవే మాటలు 129వ సెక్షన్‌లో కూర్చున్నాయి. శాంతిభంగం భయంతో పెట్టే పాత 107 ఇప్పుడు 126 అయింది.

"అలవాటు" అన్న మాటకు మరో పుట్టుక కూడా ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1952లో రద్దయ్యాక దాని చోట్లోకి అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. కులం పేరు పోయింది, స్టేషన్‌లో అనుమానితుల పుస్తకం పోలేదు. మన దగ్గర రౌడీషీటు, అంటే ఒక మనిషిపై నిఘా కోసం స్టేషన్‌లో పెట్టే రికార్డు, తెరిచేది పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం. అవి శాఖ తనకు తాను రాసుకున్న నిబంధనలు, అసెంబ్లీ చేసిన చట్టం కాదు. షీటు ఉన్నవాడి ఇంటికి అర్ధరాత్రి వెళ్లి తలుపు తట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది.

ఉత్తరాంధ్రకు ఇది మరీ పాత పరిచయం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాన్ని 1839 చట్టంతో మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి గవర్నర్ ఏజెంటుగా కలెక్టరు చేతిలో పెట్టారు. పట్టుకునేదీ తీర్పు చెప్పేదీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ తర్వాత 1948లో మద్రాసు ప్రభుత్వం అల్లర్ల అణచివేత చట్టం చేసింది. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తర్వాత సాయుధ పోరాటం రాజుకుంది. 1969లో ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలోని ప్రాంతాలను 1948 చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చట్టం 5వ సెక్షన్ కింద ఎస్సై హోదా ఉన్న అధికారి "తన అభిప్రాయంలో" అవసరమైతే, "తాను అవసరమనుకున్న" హెచ్చరిక ఇచ్చి, ప్రాణం పోయేలా కూడా కాల్పులు జరపవచ్చు. రెండుచోట్లా కొలబద్ద అధికారి మనసే.

మైదాన ప్రాంతంలో ఎక్కువగా వినపడేది "సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్న ప్రకటన. 1861 పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, లైసెన్సు అడగడానికి. నిషేధించడానికి కాదు. ఉల్లంఘిస్తే 32వ సెక్షన్ కింద 200 రూపాయల దాకా జరిమానా, అంతే. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో ఈ సెక్షన్ పేరుతోనే వచ్చిన జీవో 1ని హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టేసింది.

మళ్లీ బైండోవర్ దగ్గరికి వద్దాం, రోజూ తగిలేది అదే కాబట్టి. మాటలు వదులుగా ఉన్నా పద్ధతి మాత్రం బిగుతుగానే రాశారు. బీఎన్‌ఎస్‌ఎస్ 130వ సెక్షన్ కింద ఎమ్మార్వో ముందుగా ఒక రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. అందిన సమాచార సారాంశం, బాండు మొత్తం, ఎంతకాలం, ఎందరు జామీనుదార్లు అన్నవి అందులో ఉండాలి. 126 కింద ఏడాదికి మించకూడదు, 129 కింద మూడేళ్లు. మొత్తం అతిగా ఉండకూడదు. ఆ ఉత్తర్వు చదివి వినిపించి, విచారణ జరిపి, సాక్ష్యం తీసుకున్నాకే 136 కింద చివరి ఉత్తర్వు. ఆరు నెలల్లో విచారణ పూర్తికాకపోతే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, కేసు దానంతటదే పడిపోతుంది. మధు లిమాయే కేసులో 1970లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఈ సెక్షన్లను నిలబెట్టింది గానీ, ఈ మెట్లు దాటవేయడానికి వీల్లేదనీ, విచారణ మొదలుపెట్టకుండా మధ్యంతర బాండు (విచారణ ముగిసేదాకా ఉండే బాండు) అడగరాదనీ చెప్పింది. 110లోని మాటలు బీదవాళ్ల మీదికే తిరుగుతాయన్న ఆందోళన 1980లో గోపాలనాచారి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పులో కనిపిస్తుంది.

జరిగేది వేరు. అచ్చేసిన ఫారంలో పేరు, తండ్రి పేరు, ఊరు నింపుతారు. సారాంశం రాయాల్సిన చోట "శాంతిభద్రతలకు భంగం కలిగించే అవకాశం ఉన్నందున" అన్న ఒక్క లైను ఇరవైమందికీ అదే ఉంటుంది. ఏ రోజు, ఎవరితో, ఏం చేశాడో ఉండదు. మొదటి రోజే బాండు మీద సంతకం తీసుకుంటే ఇక 130 ఉత్తర్వూ ఉండదు, 136 ఉత్తర్వూ ఉండదు. సంతకం పెట్టినవాడు అక్కడితో అయిపోయిందనుకుంటాడు. తర్వాత ఏదైనా గొడవలో పేరొస్తే, బాండు ఉల్లంఘించాడని 141 కింద మిగతా గడువంతా జైల్లో పెట్టే ప్రయత్నం మొదలవుతుంది. 136 ఉత్తర్వు మీద 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. కానీ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో వకీలు మొదట అడిగేది ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీయే. చేతిలో ఉన్నదేమో తాను సంతకం పెట్టిన బాండు జిరాక్సు, అదీ దొరికితే.