శాంపిలు ఉండగా డ్రాయింగ్ దేనికి? యంత్ర భాగాల డ్రాయింగులపై అపోహలు – వాస్తవాలు

తణుకు, పాలకొల్లు, భీమవరం, మండపేట చుట్టుపక్కల రైసు మిల్లులకూ, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందిస్తూ తిరిగే ఏరేటర్లకూ విడిభాగాల డ్రాయింగులు గీయడం నా వృత్తి. పాలిటెక్నిక్‌లో మినీ డ్రాఫ్టర్ పట్టుకున్న నాటి నుంచి ఇప్పటి కంప్యూటరు దాకా పరికరాలు చాలా మారాయి గాని, డ్రాయింగు గురించి చుట్టూ వినిపించే మాటలు పెద్దగా మారలేదు. ఈ అపోహల్లో కొన్ని మిల్లు యజమానులవి, కొన్ని లేతు మీద పనిచేసేవారివి, మరికొన్ని గీసేవారివే; ఆఖరి రకంలో నా వంతు కూడా ఉంది.

అపోహ: పాత భాగం చేతిలో ఉంటే డ్రాయింగ్ అక్కర్లేదు.

దాళ్వా ధాన్యం మిల్లు ఆవరణలో రాశులు పడి ఉన్న రోజుల్లో బ్లోయరు షాఫ్టు దెబ్బతింటే యజమాని ఎంత కంగారుపడతారో నాకు తెలుసు. "ఇదిగోనండి శాంపిలు. అచ్చం ఇలాగే దింపేయమనండి మాస్టారూ, మళ్ళీ ఈ బొమ్మలూ గిమ్మలూ దేనికండీ?" అంటారు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అలాంటి ఒక షాఫ్టును నేను ఏమీ గీయకుండానే లేతుకు పంపించాను. టర్నరు చేయి తిరిగినవాడు. బేరింగు కూర్చునే చోట మైక్రోమీటరు పెట్టి చూస్తే 39.94 మిల్లీమీటర్లు వచ్చింది. కొత్త షాఫ్టును కూడా సరిగ్గా 39.94కే తిప్పాడు. బేరింగు ఒక్క సుత్తి దెబ్బ కూడా లేకుండా చేత్తోనే జారి కూర్చుంటే అందరం సంతోషించాం. వారం తిరగకముందే బేరింగు లోపలి రేసు (షాఫ్టును పట్టుకునే ఉక్కు వలయం) షాఫ్టు మీద తిరిగిపోయి, ఆ చోటంతా నీలంగా కమిలిపోయి, మిల్లు మళ్ళీ ఆగింది.

ఆ బేరింగు నంబరు 6208. దాని లోపలి వ్యాసం 40 మి.మీ. అని చెప్పుకుంటాం గాని, సాధారణ శ్రేణి బేరింగులో అది 39.988 నుంచి 40.000 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. బెల్టు లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కున ఉంటూ షాఫ్టు తిరుగుతున్నప్పుడు, లోపలి రేసు చుట్టూ ప్రతి భాగమూ వంతులవారీగా ఆ భారాన్ని మోయాల్సి వస్తుంది కనుక, అక్కడ కాస్త వదులున్నా రేసు షాఫ్టు మీద మెల్లగా పాకడం మొదలుపెడుతుంది. అందుకే అటువంటి చోట షాఫ్టుకు కె6 అనే ఫిట్టు (ఎంత బిగువుగా కూర్చోవాలో చెప్పే గుర్తు) రాస్తారు. 40 మి.మీ. వ్యాసానికి దాని అర్థం 40.002 నుంచి 40.018 వరకు, అంటే షాఫ్టు ఎప్పుడూ బేరింగు రంధ్రం కన్నా పిసరంత లావుగానే ఉండాలి. మా చేతికి వచ్చిన శాంపిలు కూడా ఒకప్పుడు దాదాపు అలాగే ఉండి, ఏళ్ళ తరబడి అరిగి 39.94కు దిగింది. మేము ఆ అరుగుదలను కూడా శ్రద్ధగా నకలు చేశాం. బాగున్న భాగాన్ని శాంపిలుగా తెచ్చేవారు ఎవరుంటారు? పాడయ్యాకనే కదా మా దాకా వస్తుంది.

పోనీ, అరగని శాంపిలే దొరికిందనుకుందాం. ఏరేటరు గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే 25 మి.మీ. షాఫ్టునే తీసుకోండి. దాని మీద ఒక అంగుళం మేర బేరింగు కూర్చుంటుంది, దాని పక్కనే ఆయిల్ సీలు (నూనె కారకుండా ఆపే రబ్బరు వలయం) పెదవి రాసుకుంటూ ఉంటుంది. కంటికి అదంతా ఒకే నున్నటి కడ్డీ. డ్రాయింగులో మాత్రం బేరింగు భాగానికి కె6, అంటే 25.002 నుంచి 25.015 వరకు, మొత్తం 13 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పరిధి. సీలు భాగానికి చిన్న హెచ్11, అంటే 25.000 నుంచి 24.870 వరకు, 130 మైక్రాన్ల పరిధి. సరిగ్గా పది రెట్ల వెసులుబాటు. రబ్బరు పెదవి వ్యాసంలోని ఆ తేడాకు తనే సర్దుకుంటుంది. పైగా ఆ భాగం కాస్త సన్నంగా ఉంటే, బిగువుగా ఎక్కాల్సిన బేరింగు దాని మీదుగా గీసుకోకుండా దాటిపోతుంది.

అయితే సీలు భాగానికి కొలతలో దొరికిన ఈ వెసులుబాటు నునుపులో దొరకదు. అక్కడ ఉపరితల గరుకుదనం ఆర్‌ఏ 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలి, లేతు టూలు విడిచిన మరలాంటి గీతలు అసలు ఉండకూడదు. టూలు పక్కకు జరుగుతూ కోస్తుంది కనుక షాఫ్టు మీద కంటికి ఆనని సన్నటి మర ఒకటి మిగిలిపోతుంది. షాఫ్టు తిరిగే దిక్కును బట్టి ఆ మర నూనెను బయటికి తోడేస్తుంది, లేదా చెరువులోని ఉప్పునీటిని లోపలికి లాగుతుంది. గ్రైండింగు రాయిని పక్కకు జరపకుండా నేరుగా దించి ఆ చోటును పూర్తిచేయాలని డ్రాయింగు మీద రాసేది ఇందుకే. చేతిలోని శాంపిలును ఎంతసేపు తిప్పి చూసినా ఈ సంగతులేవీ తెలియవు. అది ఈఎన్8 ఉక్కో ఈఎన్24 ఉక్కో కూడా కంటితో తేలదు, తిప్పాక రెండూ ఒకలాగే మెరుస్తాయి.

అపోహ: టాలరెన్సు ఎంత బిగిస్తే పని అంత బాగుంటుంది.

టాలరెన్సు అంటే కొలతలో అనుమతించే తేడా. ఇది కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీర్ల అపోహ. బెల్టు గార్డు రేకుకు కూడా ప్లస్ ఆర్ మైనస్ 0.01 రాసిన డ్రాయింగులు నేను చూశాను. టాలరెన్సులకు గ్రేడులు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ వెసులుబాటు పెరుగుతుంది: 40 మి.మీ. కొలతకు ఆరో గ్రేడు పరిధి 16 మైక్రాన్లు, ఎనిమిదో గ్రేడుది 39, పదకొండో గ్రేడుది 160. మంచి లేతు మీద ఎనిమిదో గ్రేడు పెద్ద కష్టపడకుండానే వస్తుంది. ఆరో గ్రేడు కావాలంటే చాలా జాగ్రత్తగా తిప్పాలి, లేదా గ్రైండింగుకు పంపాలి, అంటే మరో మిషను, మరో బిగింపు, మరో కూలి. ఎం12, అంటే 12 మి.మీ. బోల్టు దూరే రంధ్రం సాధారణంగా 13.5 మి.మీ. ఉంటుంది. ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ మనమే వదిలిన చోట మైక్రాన్ల లెక్క ఎవరికోసం?

డబ్బు సంగతి అలా ఉంచితే, దీనివల్ల జరిగే అసలు నష్టం వేరే ఉంది. కాగితం మీద కనిపించిన ప్రతి అంకె పక్కనా 0.01 ఉంటే, టర్నరు రెండో రోజుకల్లా ఆ గీసినవాడికి పని తెలియదని తేల్చుకుంటాడు. ఆ తర్వాత బేరింగు సీటు దగ్గర నిజంగా అవసరమై రాసిన 13 మైక్రాన్లను కూడా ఆ లెక్కలోనే కలిపేస్తాడు. ఈ విషయంలో నేను టర్నరు పక్షమే.

అపోహ: టాలరెన్సు రాయని కొలత అంటే కచ్చితంగా అంతే ఉండాలి.

కచ్చితమైన కొలత అనేది ఏ మిషను మీదా రాదు. టాలరెన్సు విడిగా రాయని కొలతలకు సాధారణ టాలరెన్సు వర్తిస్తుందని డ్రాయింగు మూలన ఉండే టైటిల్ బ్లాకులో (వివరాల పెట్టెలో) ఒక వాక్యం ఉంటుంది. ఐఎస్ 2102, ఐఎస్ఓ 2768 ప్రమాణాల మధ్యమ తరగతిలో 6 నుంచి 30 మి.మీ. కొలతలకు అది ప్లస్ ఆర్ మైనస్ 0.2, 30 దాటి 120 వరకు 0.3, 120 దాటి 400 వరకు 0.5. ఆ వాక్యమే లేకపోతే, భాగం తిరస్కరించిన రోజున ఇద్దరి మధ్యా గొడవ తేల్చడానికి కాగితం మీద ఆధారం ఉండదు.

అపోహ: కొలతలు ఎన్ని ఎక్కువ రాస్తే అంత స్పష్టత.

ఏరేటరు ఫ్రేము మీద వరసగా ఆరు రంధ్రాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 150 మి.మీ. దూరం అనుకుందాం. గొలుసులాగా 150, 150, 150 అని రాసుకుంటూ పోతే, ప్రతి దూరంలోనూ అర మిల్లీమీటరు తేడాకు అనుమతి ఉంది కనుక, అయిదు దూరాలు దాటి ఆరో రంధ్రానికి చేరేసరికి ఆ తేడా రెండున్నర మిల్లీమీటర్లకు చేరవచ్చు. ఏ ఒక్క కొలతా తప్పు కాదు, బోల్టు మాత్రం దూరదు. అదే మొదటి రంధ్రం నుంచి 150, 300, 450, 600, 750 అని రాస్తే చివరి రంధ్రానికి అదే తరగతిలో అనుమతి 0.8 మాత్రమే. పోనీ స్పష్టత కోసం రెండు పద్ధతులూ రాసేద్దామా అంటే, దేన్ని నమ్మాలో టర్నరుకు తెలియదు. సమాచారం కోసమే ఇచ్చే కొలతను బ్రాకెట్లలో పెట్టాలి, తనిఖీలో దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఎక్కడి నుంచి కొలత ఇస్తున్నామన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. 35 మి.మీ. షాఫ్టుకు 10 × 8 కీ (షాఫ్టునూ దాని మీది చక్రాన్నీ కలిపి తిప్పే ఉక్కు ముక్క) వేస్తే, అది కూర్చునే గాడి, అంటే కీవే, లోతు 5 మి.మీ. నేను చాలాకాలం ఆ 5నే రాసేవాణ్ణి. ఒక ఫిట్టరు నన్ను షెడ్డులోకి పిలిచి, వెర్నియరు నా చేతిలో పెట్టి, "ఏదీ, ఆ అయిదు మీరే కొలిచి చూపించండి సార్" అన్నాడు. గాడి కోసేటప్పుడు పైనున్న గుండ్రటి అంచు ఎగిరిపోతుంది. ఇక లోతు కొలవడం మొదలుపెట్టడానికి చోటే మిగలదు. అప్పటి నుంచి షాఫ్టు అవతలి వైపు నుంచి గాడి అడుగు వరకు 30 అని రాస్తున్నాను. వెర్నియరు రెండు దవడల మధ్య అది నిమిషంలో తేలిపోతుంది.

అపోహ: కొలత కనిపించకపోతే కాగితం మీద స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

ఏ3 కాగితానికి గీసినదాన్ని ఏ4లో ప్రింటు తీస్తే 100 మి.మీ. గీత 71 మి.మీ. దగ్గరికి వచ్చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో నుంచి తీసిన ప్రింటు సంగతి ఇక చెప్పక్కర్లేదు. కొలత లేకపోతే ఫోను చేసి అడగాలి. నాకు విసుగు రాదు.

అపోహ: త్రీడీ మోడల్ ఉంటే డ్రాయింగుల కాలం చెల్లినట్టే.

ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. టాలరెన్సులు, ఉపరితల గుర్తులు త్రీడీ మోడల్‌లోనే పొందుపరిచే పద్ధతికి ప్రమాణాలు వచ్చాయి, పెద్ద పరిశ్రమలు వాడుతున్నాయి కూడా. కాని మన దగ్గర సీఎన్‌సీ షాపుకు మామూలుగా వెళ్ళే స్టెప్ ఫైలులో ఉండేది ఆకారం మాత్రమే. ఆ మోడల్‌లో బేరింగు భాగం, సీలు భాగం రెండూ 25.000గానే ఉంటాయి, ప్రోగ్రామరు రెంటినీ ఒకేలా తిప్పిస్తాడు. అందుకని నేను మోడల్‌తో పాటు, ముఖ్యమైన ఫిట్లు, నునుపు, పదార్థం, గట్టిదనం మాత్రమే ఉన్న ఒక పేజీ డ్రాయింగును పీడీఎఫ్‌గా పంపుతాను. ఆకారానికి సంబంధించిన మిగతా కొలతలన్నీ మోడల్ చూసుకుంటుంది.

అపోహ: ఏ చూపు ఎక్కడ పెట్టినా, అర్థమైతే చాలు.

మన దేశంలో పాటించేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి: పైనుంచి చూసిన బొమ్మ ముందు బొమ్మకు కింద, కుడి వైపు నుంచి చూసిన బొమ్మ ఎడమ పక్కన వస్తాయి. అమెరికా, జపాన్ వాళ్ళది థర్డ్ యాంగిల్. అక్కడ కుడి చూపు కుడి పక్కనే ఉంటుంది. ఏ పద్ధతో చెప్పడానికి మొన తెగిన శంకువు గుర్తు ఒకటి టైటిల్ బ్లాకులో పెడతారు. బయటి దేశపు మిషను బ్రాకెట్టు డ్రాయింగు ఒకసారి జిరాక్సు రూపంలో నా దగ్గరికి వచ్చింది. ఆ మూల జిరాక్సులో తెగిపోయింది. నేను దాన్ని ఫస్ట్ యాంగిల్‌గా చదివి మళ్ళీ శుభ్రంగా గీసి ఇచ్చాను. వెల్డింగు అయ్యి, రంగు కూడా వేసుకుని వచ్చిన బ్రాకెట్లు నాలుగూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. కుడికాలికి ఎడమకాలి చెప్పు తొడగబోయినట్టయింది. ఆ నాలుగింటి ఖర్చూ నేనే పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ గుర్తు కనిపించని డ్రాయింగు వస్తే పని మొదలుపెట్టను.

అపోహ: మైక్రోమీటరు చూపించిందే కొలత.

డ్రాయింగు మీది ప్రతి కొలతా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాల్సిన కొలత. మరో మాట రాయకపోతే అంతర్జాతీయ ప్రమాణం అదే. మే నెలలో కాలవ గట్టు మీది రేకుల షెడ్డులో 20 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? అదృష్టవశాత్తు ఉక్కు షాఫ్టు, ఉక్కు మైక్రోమీటరు ఒకే వేడిలో ఉంటే రెండూ ఇంచుమించు ఒకే పాళ్ళలో వ్యాకోచిస్తాయి కనుక పెద్ద తేడా రాదు. చిక్కంతా లేతు మీంచి అప్పుడే దిగిన షాఫ్టుతోనే. ఉక్కు ప్రతి మీటరుకు, ప్రతి డిగ్రీకి దాదాపు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. మైక్రోమీటరు కన్నా 35 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్న 40 మి.మీ. షాఫ్టు 16 మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. కె6 పరిధి మొత్తం కూడా 16 మైక్రాన్లే. అంటే వేడి మీద పరిధి మధ్యలో ఉన్నట్టు చూపిన షాఫ్టు చల్లారాక కింది హద్దు దాటి పోతుంది. ఆఖరి కోతకు ముందు షాఫ్టును చల్లారనిచ్చి, టీ తాగి వచ్చే టర్నరును యజమానులు బద్ధకస్తుడని అనుకుంటారు.

అపోహ: అసెంబ్లీ డ్రాయింగు చూపులకే, పనికి విడి డ్రాయింగులు చాలు.

ఆయిల్ సీలు పెదవి నూనె వైపుకు తిరిగి ఉండాలి. సీలుకు గీసిన విడి డ్రాయింగులో ఆ సంగతి ఉండదు, గేర్‌బాక్సు హౌసింగు డ్రాయింగులోనూ ఉండదు. అది కనిపించేది అసెంబ్లీ డ్రాయింగు కోత బొమ్మలో మాత్రమే.

అపోహ: ఒకసారి గీసి ఇచ్చాక డ్రాయింగు పని అయిపోయినట్టే.

పైన చెప్పిన 25 మి.మీ. షాఫ్టు డ్రాయింగు ఇప్పటికి అయిదో రివిజనులో ఉంది. కీవే కొలత మార్చినప్పుడు ఒకటి, సీలు చోట గ్రైండింగు మాట చేర్చినప్పుడు ఒకటి, చెరువుల్లో ఉప్పు ఎక్కువైందని పదార్థం మార్చినప్పుడు ఒకటి. మిగతా రెండూ టర్నరు ఎర్ర పెన్సిలుతో అంచున రాసి పంపిన ప్రశ్నల వల్ల వచ్చినవి. మార్చిన ప్రతి చోటా ఒక చిన్న త్రిభుజం, అందులో రివిజను అంకె, పైన పట్టికలో తేదీ, ఏం మార్చామన్నది రాస్తాను. షెడ్డులో లేతు వెనక గోడకు నూనె మరకలతో అంటించి ఉండే పాత కాపీతోనే అసలు ప్రమాదం. ఎన్నేళ్ళయినా చెయ్యి అలవాటుగా దానివైపే పోతుంది. అందుకే కొత్త రివిజను ఇవ్వడానికి నేనే స్వయంగా వెళ్ళి, పాతది గోడ మీంచి ఊడదీసి, వెంట తెచ్చేసుకుంటాను.