మీటరు బోర్డు దగ్గర వినిపించే మాటలు: బెంగళూరులో కొత్త కరెంటు కనెక్షన్‌పై అపోహలు, వాస్తవాలు

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పందొమ్మిదేళ్లయింది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌ని. కె.ఆర్.పురం, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఇల్లు కట్టుకునే మనవాళ్లు, పీజీలు నడిపే మనవాళ్లు ఎక్కువగా నా దగ్గరికి వస్తారు. కొత్త కనెక్షన్ కోసం వచ్చినా, ఉన్న లోడ్ (ఇంటికి ఒకేసారి ఎంత కరెంటు కావాలో దరఖాస్తులో రాసే కిలోవాట్ల లెక్క) పెంచుకోవడానికి వచ్చినా, వచ్చేటప్పుడే ఏదో ఒక మాట వెంటబెట్టుకొని వస్తారు. ఊళ్లో మామయ్య చెప్పిందో, మేస్త్రీ చెప్పిందో, వాట్సాప్‌లో వచ్చిందో. అందులో సగం మన ఊళ్లో నిజమే, ఇక్కడ కాదు. మిగతా సగం ఎక్కడా నిజం కాదు.

అపోహ: లోడ్ తక్కువ రాయిస్తే డబ్బు మిగులుతుంది.

"అన్నా, ఐదు కిలోవాట్లు ఎందుకు, మూడు రాయించు. నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ మిగులుతుంది కదా." ఈ మాట వినని వారం లేదు. అలా అడిగేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మన ఆంధ్రలో ఇంటి కనెక్షన్‌కు ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కు నెలకు పది రూపాయలు. ఇక్కడ 2025 ఏప్రిల్ టారిఫ్ ప్రకారం 145. ఊరి లెక్కకు అలవాటు పడ్డ మనిషికి బిల్లు చూడగానే గుండె ఝల్లుమంటుంది.

కానీ ఆ రెండు కిలోవాట్ల తేడా నెలకు 290 రూపాయలు. దానికోసం ఏం వదులుకుంటున్నారో చూడండి. పొద్దున ఏడింటికి ఇంట్లో రెండు గీజర్లు ఆన్‌లో ఉంటాయి, ఒక్కోటి రెండు కిలోవాట్లు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్, ఇంకో రెండు. ఇక్కడికే ఆరు అయింది. ఫ్రిజ్, మోటారు, ఇస్త్రీ పెట్టె లెక్కలో వేయనేలేదు. ఆరు వేల వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 26 ఆంపియర్లు. మూడు కిలోవాట్లకు సరిపడా వేసిన సర్వీసు వైరులో (స్తంభం నుంచి మీటరుకు వచ్చే వైరు) రోజూ గంటసేపు అంత కరెంటు పోతే ఆ వైరు మొదట వేడెక్కుతుంది. తర్వాత దాని తొడుగు గట్టిపడి పెళుసవుతుంది. పోయినేడాది ఒక ఇంట్లో మీటరు బోర్డు మూత తీస్తే న్యూట్రల్ వైరు చివర అరచేయంత మేర నల్లబడి, పట్టుకుంటే పెంకులా రాలింది. ఆ ఇంటాయన "మూడు చాలు" అన్నవాళ్లలో ఒకరు. తప్పు నాది కూడా. ఆయన మాట విని రాయించింది నేనే. అప్పటినుంచి ఎవరు ఎంత రాయించమన్నా, ఇంట్లో ఏయే సామాన్లు ఉన్నాయో కాగితం మీద రాయించుకున్నాకే సంఖ్య చెబుతున్నాను.

ఇంకో విషయం. ఇప్పటి మీటర్లు యూనిట్లతో పాటు ఒక నెలలో మీరు ఒక్కసారిగా వాడిన గరిష్ఠ లోడ్‌ని కూడా రాసిపెట్టుకుంటాయి. దీన్నే ఎండీ అంటాం. మంజూరైన లోడ్ దాటితే అది మీటరులోనే కనిపిస్తుంది, ఎవరూ ఇంటికొచ్చి చూడనక్కర్లేదు. దాటిన భాగానికి జరిమానా లెక్క పడుతుంది, లోడ్ పెంచుకోమని నోటీసు వస్తుంది. అప్పుడు మళ్లీ దరఖాస్తు, మళ్లీ డిపాజిట్, అవసరమైతే మళ్లీ సర్వీసు వైరు. గోడలో వేసిన కండ్యూట్ (వైర్లు పోయే పైపు) సన్నదైతే గోడ కొట్టాలి. 290 మిగిల్చిన మనిషి అప్పుడు నన్ను చూసే చూపు వేరే ఉంటుంది.

అలాగని పది రాయించుకోమనడం లేదు. ఇంట్లో ఉన్నవన్నీ కూడితే పది దాటొచ్చు, కానీ అన్నీ ఒకేసారి నడవవు. ఒకేసారి నడిచేవాటిని కూడి, కొంచెం పైన వేసుకుంటే చాలు. ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే చెప్పండి. గోడకు బిగించే ఛార్జరు ఒక్కటే 7.4 కిలోవాట్లు లాగుతుంది. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టేదైతే మూడు పైచిలుకు. కారు కోసం విడిగా కనెక్షన్ తీసుకునే హక్కు 2024 ఫిబ్రవరి నుంచి కేంద్ర నిబంధనల్లోనే ఉంది.

అపోహ: పైన ఒకటి, కింద ఒకటి రెండు మీటర్లు పెట్టుకుంటే బిల్లు తగ్గుతుంది.

ఇది అచ్చంగా మన ఊరి తెలివి. అక్కడ యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, కాబట్టి రెండు మీటర్ల మీద పంచుకుంటే రెండూ కింది స్లాబులో ఉండిపోతాయి. కర్ణాటకలో 2024 ఏప్రిల్ నుంచి ఇళ్లకు స్లాబులు తీసేశారు. మొదటి యూనిట్ అయినా మూడు వందో యూనిట్ అయినా ఒకటే రేటు, 2025 ఏప్రిల్ టారిఫ్‌లో 5 రూపాయల 80 పైసలు. పంచుకుంటే మిగిలేది ఏమీ లేదు. పైగా రెండు మీటర్ల ఖర్చు, రెండు డిపాజిట్లు. పై ఇల్లు అద్దెకిచ్చే పనైతే విడి మీటరు మంచిదే, కానీ అది గొడవలు తప్పించుకోవడానికి.

ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే కర్ణాటక పథకం గృహజ్యోతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "కొత్త మీటరుకు 200 యూనిట్లు ఫ్రీ అంట కదా" అని అడుగుతారు. 200 అనేది పైకప్పు మాత్రమే. పాత కనెక్షన్లకు 2022-23 సగటు వాడకం చూసి, దానిమీద కొంత కలిపి ఇస్తున్నారు. చరిత్ర లేని కొత్త ఇంటికి రాష్ట్ర సగటు 53 యూనిట్లు పట్టుకొని, దానికి పది శాతం కలిపారు. అద్దెకున్నవాళ్లు కూడా ఆర్‌ఆర్ నంబరుకు (బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరు) ఆధార్ కలిపి నమోదు చేసుకోవచ్చు. అయితే ఒక మనిషి పేరున ఒక్క మీటరుకే.

అపోహ: త్రీ ఫేజ్ తీసుకుంటే బిల్లు మూడింతలు.

యూనిట్ అంటే యూనిటే. ఒక వైరులో వచ్చినా మూడు వైర్లలో వచ్చినా వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్ల మీదే కానీ ఫేజుల మీద కాదు. సాధారణంగా ఐదు కిలోవాట్లు దాటితే త్రీ ఫేజ్ ఇస్తారు, అది మంచిది కూడా.

త్రీ ఫేజ్‌లో నిజంగా భయపడాల్సింది బిల్లుకు కాదు, న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుకు. బీటీఎం లేఅవుట్ దగ్గర నాలుగు అంతస్తుల పీజీ ఒకటి, నడిపేది నెల్లూరాయన. ఒక రాత్రి ఫోన్ చేశాడు: "అన్నా, లైట్లు ఒక గదిలో మినుకుమంటున్నాయి, ఇంకో గదిలో పగిలిపోతున్నాయి." మెయిన్ ఆపమని అరిచి బండి తీశాను. వెళ్లేసరికి రెండు టీవీలు, ఒక ఫ్రిజ్, వైఫై పెట్టెలు నాలుగు పోయాయి. మీటరు తర్వాత న్యూట్రల్‌లో ఎవరో అల్యూమినియం వైరుకు రాగి వైరు మెలేసి టేపు చుట్టి వదిలేశారు. ఆ జాయింటు కాలి ఊడింది. న్యూట్రల్ ఊడితే రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు రెండు గదుల సామాన్ల మీద పంచుకుంటాయి. ఎక్కువ లోడ్ ఉన్న గదికి తక్కువ వోల్టేజీ, ఒక్క బల్బు ఉన్న గదికి మూడొందలు పైన. అందుకే కొత్త త్రీ ఫేజ్ మీటరు పెట్టించుకునేవాళ్లకు నేను చెప్పే మాట ఒక్కటే: న్యూట్రల్‌కు జాయింటు వేయనివ్వొద్దు. తప్పనిసరైతే సరైన లగ్గు (వైరు చివర తొడిగే లోహపు ముక్క) వేసి, దాన్ని గట్టిగా నొక్కి క్రింపు చేయించండి. టేపు కాదు.

అపోహ: ఎంసీబీ ఉంది కదా, షాక్ కొట్టదు.

ఎంసీబీ అంటే లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి గుండె ఆగడానికి చాలే కరెంటు పదహారు ఆంపియర్ల ఎంసీబీకి లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు. కొందరు పాత అలవాటున ఈఎల్‌సీబీ అంటారు. "అది ఊరికే పడిపోతోంది, తీసేయండి" అంటారు చాలామంది. ఊరికే పడదు. ఎక్కడో లీకేజీ ఉంది, ఎక్కువసార్లు గీజరులో. కొత్త వైరింగుకు మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే పరికరం) పెట్టి చూస్తే ఇన్సులేషన్ కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలి. కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టులో ఆ అంకె ఉంటుంది. కొలిచి రాశాడా, కూర్చొని రాశాడా అని అడగండి. నాకు కోపం రాదు.

ఎర్తింగ్ గురించి ఒక్క మాట. ఇక్కడ నేల రాతి నేల, ఎండాకాలం బాగా ఎండిపోతుంది. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చేస్తే జన్మంతా పని చేస్తుందనుకోవద్దు. ఆ ఎర్తింగ్ పైపు మూత దగ్గరికి ఎవరో ఒకరు ఏడాదికోసారి నీళ్లతో పోవాలి.

అపోహ: ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న టెంపరరీ కనెక్షన్ ఉంది కదా, ఇల్లు పూర్తయ్యాక అదే పర్మినెంట్ అవుతుంది.

ఒకప్పుడు చేతులు తడిపి కొందరు అలా నెట్టుకొచ్చారు. ఇప్పుడు కష్టం. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని ఇచ్చే కాగితం) చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. దాని తర్వాత కర్ణాటక విద్యుత్ నియంత్రణ మండలి కూడా బెంగళూరుకు కరెంటు ఇచ్చే బెస్కాం లాంటి సంస్థలకు అదే చెప్పింది. బెంగళూరులో ఆ సర్టిఫికెట్ లేని కట్టడాలు వీధికి నాలుగు ఉంటాయి కాబట్టి గగ్గోలు పుట్టింది. చివరికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం 1200 చదరపు అడుగుల లోపు స్థలాల్లో గ్రౌండ్ ప్లస్ రెండు, లేదా స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ మూడు అంతస్తుల ఇళ్లకు మినహాయింపు ఇచ్చింది. అంటే మనవాళ్లు ఎక్కువగా కొనే ముప్పై నలభై సైటు. దానిమీద నాలుగో అంతస్తు లేపి పీజీ పెట్టినవాళ్లకు ఇది వర్తించదు, నన్ను అడిగి లాభం లేదు.

ఫ్లాటు కొనేవాళ్లు బిల్డరును మొదట అడగాల్సిన ప్రశ్న: "నా ఫ్లాటుకు సొంత ఆర్‌ఆర్ నంబరు వచ్చిందా?" "వస్తుంది సార్" అన్నది జవాబు కాదు. అప్పటిదాకా బిల్డరు టెంపరరీ కనెక్షనే వాడితే, ఆ రేటు ఇంటి రేటు కంటే చాలా ఎక్కువ. అది నెలనెలా మెయింటెనెన్స్‌లో కలిసి మీ నెత్తిన పడుతుంది.

అపోహ: పాత ఓనరు బాకీతో నాకేం సంబంధం?

ఉంది. పాత ఇల్లు కొని కొత్త కనెక్షన్ అడిగితే, ఆ స్థలం మీద ఉన్న పాత బాకీ కట్టమని అడగొచ్చని 2023 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, సరఫరా నిబంధనల్లో ఆ షరతు ఉంటే చాలు. రిజిస్ట్రేషన్‌కు ముందు ఆర్‌ఆర్ నంబరు తీసుకొని బాకీ చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు.

అపోహ: మెట్రో నగరం కదా, మూడు రోజుల్లో ఇవ్వాల్సిందే.

ఈ వాట్సాప్ మాటలో సగం నిజం. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం మెట్రో నగరాల్లో గడువు మూడు రోజులు, మునిసిపాలిటీల్లో ఏడు, పల్లెల్లో పదిహేను. కానీ గడియారం మొదలయ్యేది దరఖాస్తు అన్ని కాగితాలతో పూర్తయ్యాక. కొత్త స్తంభం, కేబులు, టీసీ కావాల్సి వస్తే ఈ లెక్క ఆగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇక్కడ అందరూ టీసీ అంటారు, సెక్షన్ ఆఫీసులో ఆ మాట వింటే తికమక పడకండి. భూమిలో కేబులు లాగాలంటే రోడ్డు తవ్వే అనుమతి వేరే ఆఫీసు. నేను చూసిన ఆలస్యాల్లో ఎక్కువ భాగం లంచం దగ్గర కాదు, పేరు దగ్గర. సేల్ డీడ్‌లో ఇంటిపేరు ముందు, ఈ-ఖాతాలో (ఆస్తికి పాలికె ఇచ్చే ఆన్‌లైన్ రికార్డు) వెనక, ఆధార్‌లో ఒక్క అక్షరం. మన తెలుగు ఇంటిపేర్లు కన్నడ లిపిలోకి, అక్కడినుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి మనిషే మారిపోతాడు. దరఖాస్తుకు ముందే మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. అద్దెకున్నవాళ్లు దరఖాస్తు చేయకూడదనే మాట కూడా తప్పే. 2003 విద్యుత్ చట్టంలోని 43వ సెక్షన్ యజమానితో పాటు అక్కడ ఉంటున్నవాళ్ల పేరు కూడా చెబుతుంది.

స్మార్ట్ మీటరు గురించి చాలా మాటలు వస్తున్నాయి. బెస్కాం 2025 ఫిబ్రవరి నుంచి కొత్త కనెక్షన్లకు దాన్నే తప్పనిసరి చేసింది. ధర మీద మీ కోపం న్యాయమే, పాత మీటరుతో పోలిస్తే ఎన్నో రెట్లు. "అది పరుగెడుతుంది" అన్న అనుమానం మాత్రం మీరే తీర్చుకోవచ్చు. మీటరు మీద 3200 అని రాసి ఉంటే, ఒక యూనిట్‌కు ఎర్ర లైటు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. అన్నీ ఆపి రెండు కిలోవాట్ల గీజరు ఒక్కటే వేసి నిమిషం లెక్కపెట్టండి. నూటికి కొంచెం పైగా రావాలి.

మీటరు బిగించిన రోజు ఇంకో పరీక్ష కూడా చేయండి, అపార్ట్‌మెంట్ అయితే మరీ. మీ ఫ్లాటు మెయిన్ ఆపి, కిందికి దిగి, మీ పేరున్న మీటరు లైటు ఆగిందో లేదో చూడండి. హొరమావులో ఒక కడపాయన రెండేళ్లు పై ఇంటివాళ్ల ఏసీకి బిల్లు కట్టాడు. ఆయన ఊరెళ్లిన నెలలో కూడా మూడొందల యూనిట్లు వస్తే గానీ అనుమానం రాలేదు. నేను కింద నిలబడి "ఆపండి సార్" అని ఫోన్‌లో చెప్పాను. ఆయన ఆపాడు. ఆయన మీటరు మెరుస్తూనే ఉంది. పై అంతస్తు నుంచి ఎవరూ, "కరెంటు పోయిందేంటి?" అనలేదు. పై ఇంటివాళ్ల పేరున్న పక్క మీటరు మాత్రం ఆగిపోయింది.