బండి లాగడం లేదంటే

అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు రోడ్డు ఎక్కుతుండగా మా పాత మారుతి 800 ఆయాసపడింది. మూడో గేరులో వేగం పడిపోయింది, రెండో గేరుకు దిగినా ఊపు రాలేదు, వెనుక హారన్ కొడుతున్న శ్రీశైలం బస్సుకు దారి వదిలి పక్కన ఆపవలసి వచ్చింది. అరగంట చల్లబడ్డాక అదే బండి ఏమీ ఎరగనట్టు కొండ ఎక్కింది. మహబూబ్‌నగర్‌లో చూపిస్తే "కార్బురేటర్ సాఫ్ చేయాలె సార్" అన్నారు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే ఆ భాగాన్ని సాఫ్ చేశారు, కొత్త ప్లగ్గులు వేశారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. జబ్బు మాత్రం అక్కడే ఉంది.

"పుల్లింగ్ లేదు" అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. ఇంజను శక్తిని పుట్టించలేకపోవడం ఒకటి. పుట్టిన శక్తి చక్రాల దాకా చేరకపోవడం రెండవది. ఖర్చు లేకుండా తేలేది రెండవదే కనుక ముందు దానిని చూసుకోవాలి. చదునైన రోడ్డు మీద పై గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టే. బ్రేకు పెద్దగా వాడకుండా కొంత దూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి ఉంచి చూస్తే, ఒకటి మాత్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది. మా బండికి ఈ రెండూ లేవు.

ఇక ఇంజను. ఖాళీగా నిలబడి చక్కగా తిరిగే ఇంజను బరువు పడగానే ఎందుకు నీరసిస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. 796 సీసీ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటే, రెండు చుట్లకొకసారి గాలి పీలుస్తుంది కనుక నిమిషానికి దాదాపు 1,200 లీటర్ల గాలి కోరుతుంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఐడిలింగ్‌లో ఈ రెండింటిలో స్వల్ప భాగమే చాలు. అందుకే సగం మూసుకుపోయిన పెట్రోలు ఫిల్టర్, పత్తి చేల మధ్య మట్టిబాటలో దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్ షెడ్డులో బయటపడవు. ఎత్తు ఎక్కేటప్పుడే బయటపడతాయి.

ఇంధనం సంగతి కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కనుక మిశ్రమంలో సుమారు 7 శాతం తగ్గుతుంది. పైగా ఇథనాల్‌కు గాలి తక్కువ చాలుతుంది, అంటే పాత పెట్రోలుకు సరిపోయేలా బిగించిన కార్బురేటర్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) ఇప్పుడు ఇంధనాన్ని కొంచెం తక్కువగా అందిస్తుంది. అయితే ఈ నష్టం ప్రతి రోజూ ఒకేలా ఉంటుంది. వేడెక్కాక వచ్చి చల్లబడ్డాక పోయే జబ్బుకు ఇది కారణం కాదు.

వేడికి ముడిపడిన అనుమానాలలో మొదటిది పెట్రోలు ఆవిరి కావడం. ఈ కార్బురేటర్ బండ్లలో పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కనుక ఎండాకాలంలో పంపులోనే పెట్రోలు బుడగలు కట్టి, ద్రవం ముందుకు సాగదు. రెండోసారి ఘాటు ఎక్కినప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి పది నిమిషాలు ఆగాను. ఆవిరే కారణమైతే ఆ పాటికి తేరుకోవాలి. తేరుకోలేదు.

అప్పుడు చేయించిన కంప్రెషన్ పరీక్షను, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతుందో కొలిచే పరీక్షను, మొదటి రోజే చేయించి ఉంటే ప్లగ్గుల డబ్బులు మిగిలేవి. ఇంజను వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు గేజు పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మా బండిలో రెండు సిలిండర్లు చదరపు సెంటీమీటరుకు 12 కిలోల ఒత్తిడి చూపాయి, మూడవది 8 దగ్గరే ఆగింది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లూ తక్కువ చూపితే హెడ్ గ్యాస్కెట్‌ను (సిలిండర్లకూ పైన మూసే హెడ్‌కూ మధ్య ఉండే పొర) అనుమానించాలి; ఒక్కటే తక్కువైతే అందులో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ కొలవాలి. నూనె పిస్టన్ చుట్టూ సందును కాసేపు మూస్తుంది కనుక ముల్లు పైకి లేస్తే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. మాది 8 నుంచి కదలలేదు, అంటే గాలి పైనుంచి, సిలిండర్ దారులను తెరిచి మూసే వాల్వుల దగ్గర, కారిపోతోంది.

టాపెట్ కవరు విప్పి, ఇంజను పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజు (సందు కొలిచే పలుచని రేకుల కట్ట) పెట్టి చూస్తే, ఆ సిలిండర్‌లో పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు కాడకూ దానిని నొక్కే భాగానికీ మధ్య ఉండవలసిన సందులో అతి పలుచని రేకు కూడా దూరలేదు. ఏళ్ల తరబడి వాల్వు తన పీఠంలోకి అరుగుతూ దిగినకొద్దీ దాని కాడ పైకి జరిగి, ఆ సందు తరిగిపోతుంది. చల్లగా ఉన్నంతసేపూ వాల్వు మూసుకుంటుంది. ఘాటు ఎక్కేటప్పటి వేడికి కాడ సాగాక పూర్తిగా మూసుకోదు, మండవలసిన వాయువు సైలెన్సర్ దారి పడుతుంది. సందు సరిచేసి కొలిస్తే 11 వచ్చింది, తరువాతి ప్రయాణంలో మన్ననూరు దాకా బండి మూడో గేరులోనే ఎక్కింది. మిగిలిన ఆ ఒక్క అంకె తేడా వాల్వు అంచు కొంత కాలిందనడానికి గుర్తు కావచ్చు. హెడ్ విప్పి గ్రైండింగ్ చేయించే పనిని దసరా తరువాతకు పెట్టుకున్నాను.