లార్న్‌కు రచయితలు ఎలా చేరారు?

వేల్స్ నైరుతి తీరంలో, టాఫ్ నది సముద్రంలో కలిసే చోట లార్న్ అనే చిన్న ఊరు ఉంది. ఇప్పుడు అక్కడికి వెళ్లేవారిలో చాలామంది కవి డిలన్ థామస్ కోసమే వెళ్తారు. అయితే ఆ ఊరికి కళాకారుల రాక ఆయనతో మొదలు కాలేదు. శిథిలమైన కోటను చిత్రకారుడు టర్నర్ 19వ శతాబ్దంలోనే నీటిరంగుల్లో చిత్రించారు. మరో కవి ఎడ్వర్డ్ థామస్ 1911లో కొంతకాలం అక్కడ ఉండి రాసుకున్నారు.

అసలు మలుపు 1934లో వచ్చింది. నవలాకారుడు రిచర్డ్ హ్యూస్ కోటను ఆనుకుని ఉన్న ఇంట్లో కాపురం పెట్టారు. కోట గోడ మీది చిన్న మండపంలో కూర్చుని నవల రాసేవారు. 1936 వేసవిలో చిత్రకారుడు అగస్టస్ జాన్ ఆ ఇంటికి కైట్లిన్ అనే యువతిని వెంటబెట్టుకుని వచ్చారు. డిలన్ కూడా అక్కడికే వచ్చారు. మరుసటి ఏడాది డిలన్, కైట్లిన్‌ల పెళ్లయింది. 1938లో ఆ దంపతులు లార్న్‌కు మారారు. చేతిలో డబ్బు ఆడని రోజులవి. హ్యూస్ మండపంలో డిలన్ కూడా రాసుకున్నారు. ఈ కథలో హ్యూస్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

డిలన్‌ను ఆదుకున్న పోషకురాలు మార్గరెట్ టేలర్‌దీ అదే పరిస్థితి. ఆమె ఏటిగట్టున ఉన్న బోట్‌హౌస్ అనే ఇంటిని కొని 1949లో డిలన్ కుటుంబానికి ఇచ్చారు. ఇంటికి కాస్త ఎగువన, ఒకప్పుడు కారు పెట్టుకున్న చెక్క షెడ్డు ఆయన రాతగది అయింది. కిటికీలోంచి చూస్తే ఆటుపోట్లకు మునిగి తేలే బురద మేటలు, కొంగలు, అవతల సర్ జాన్ కొండ. ఆ కొండ, ఆ కొంగ ఆయన కవితలోకి నేరుగా నడిచి వచ్చాయి.

డిలన్ రాసిన 'అండర్ మిల్క్ వుడ్' రేడియో నాటకంలోని కల్పిత ఊరికి మూలం ఏదన్నదే నేటికీ తెగని వివాదం. లార్న్ తమదంటుంది, 1944-45లో డిలన్ ఉన్న న్యూ కీ అనే మరో వేల్స్ ఊరు కూడా తమదే అంటుంది. లార్న్ జనం తమ పాత్రలు తామే వేసే నాటకం కావాలని ఆయన హ్యూస్‌తో 1939లోనే అన్నారు. న్యూ కీలో ఉండగా, తెల్లవారుజామున నిద్రలేవని ఒక తీరపు ఊరి గురించి రేడియో ప్రసంగం రాశారు. నాటకానికి అది తొలి నమూనా లాంటిది. కాబట్టి రెండు ఊళ్ల వాదనలోనూ బలం ఉంది. డిలన్ 1953 నవంబరు 9న న్యూయార్క్‌లో మరణించారు. లార్న్‌లోని సెయింట్ మార్టిన్ చర్చి ఆవరణలో ఆయనను ఖననం చేశారు. బీబీసీ ఆ నాటకాన్ని 1954 జనవరి 25న, రిచర్డ్ బర్టన్ గొంతుతో తొలిసారి వినిపించింది.